"అస్తమానం" అంటే ఎంతసేపు?

నిన్న మా అమ్మ మనవణ్ణి కేకలేసింది: "అస్తమానం ఆ ఫోనేనా!" చిన్నప్పట్నుంచీ వింటున్న మాటే. నిన్నెందుకో చెవిలో ఉండిపోయింది.

అస్తమానం అంటే సూర్యుడు దిగడం. పొద్దస్తమానం అంటే పొద్దు గుంకేదాకా, అంటే రోజంతా. వాడుకలో 'పొద్దు' రాలిపోయి, మిగిలిన ముక్కే 'ఎప్పుడూ' అనే అర్థంలో స్థిరపడింది. ముగిసిపోవడాన్ని చెప్పే మాటను ముగింపే లేనట్టు వాడుతున్నాం! పెద్దవాళ్లు పోతే పేపర్లో 'అస్తమించారు' అని రాసేదీ ఈ మాటతోనే.

మన విశాఖలో పొద్దు సముద్రంలోంచి పొడుస్తుంది, కొండల వెనక్కి దిగుతుంది. సాయంత్రం ఆర్కే బీచికి వచ్చిన చుట్టాలు సూర్యాస్తమయం ఎటని అడిగితే వాళ్ల వీపు వెనక్కి చూపించాలి.

కిందటి కార్తీకంలో నాన్న మధురవాడలో మా డాబా మీద, పడమటి వైపు తిరిగి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చునేవారు. చూపు బాగా మందగించింది. ఒకరోజు "పొద్దు వాలిందేంట్రా?" అన్నారు. పక్కనే ఉన్నాను, చేతిలో ఫోను. తల ఎత్తకుండానే "ఐదుంబావు" అన్నాను.

"నేనడిగింది టైము కాదురా."

అప్పుడు చూశాను. కొండ అంచున ఎరుపు సగం పోయింది. ఆయన ముఖం మీద మాత్రం ఇంకా కాస్త వెలుతురుంది. మాఘంలో ఆయన పోయారు.

సందెవేళ పడుకోకూడదు, దీపం పెట్టాలి అనేవాళ్లు. ఆ వేళ ఇంట్లో అందరికీ ఒక రోజు వెళ్లిపోతోందని తెలిసేది. ఏ పనీ లేని ఆ కాసేపట్లోనే మనిషి తనతో తాను మాట్లాడుకునేవాడు. ఫోను తెరకి సందె లేదు, ఏ వేళకైనా ఒకటే వెలుతురు. అమ్మ కోప్పడింది వాణ్ణే అయినా, ఆ మాట నాకే తగిలింది.

తర్వాత చేర్చింది: కింద ఒకరు 'అస్తం' అంటే అసలేమిటని అడిగారు. వేదకాలపు సంస్కృతంలో అస్తం అంటే ఇల్లండీ. సూర్యుడు అస్తమించాడంటే ఇంటికి చేరాడని. నాన్న ఉండగా తెలిసుంటే చెప్పేవాణ్ణి, ఇలాంటివి ఆయనకు చాలా ఇష్టం.

ఇంకొకరు 'పొద్దుగూకులూ' గుర్తుచేశారు, సంతోషం. అదీ పొద్దు క్రుంకడంలోంచే వచ్చింది. మా అమ్మమ్మది శ్రీకాకుళం వైపు, ఆవిడ అదే అనేది. మీ ఇళ్లల్లో పిల్లల్ని కోప్పడేటప్పుడు ఏ మాట వాడతారు?