ఎనిమిది అడుగుల గల్లీలో స్లాబ్: మిల్లరా, రెడీమిక్సా?

వారాసిగూడ_ఓనర్:
మాది సికింద్రాబాద్ వారాసిగూడలో లోపలి గల్లీ. వెడల్పు ఎనిమిది అడుగులే, అందులోనూ ఒక పక్క కరెంటు స్తంభం, ఇంకో పక్క ఎదురింటి మెట్లు. మెయిన్ రోడ్డు నుంచి మా గేటు దాకా 60 మీటర్లు ఉంటుంది. వచ్చే వారం మొదటి అంతస్తు స్లాబ్: వెయ్యి చదరపు అడుగులు, 5 అంగుళాల మందం. బీములతో కలిపి 14 క్యూబిక్ మీటర్లు వస్తుందట. మేస్త్రీ మిల్లర్ (ఇంటి దగ్గరే కాంక్రీటు కలిపే మెషీన్), దాన్ని పైకెక్కించే లిఫ్ట్ తెస్తానంటున్నాడు. మా తమ్ముడేమో రెడీమిక్స్, అంటే ప్లాంటులో కలిపి లారీలో తెచ్చే కాంక్రీటు తప్ప వద్దంటున్నాడు. మీరైతే ఏం చేస్తారు?

సైట్_ఇంజినీర్:
రెడీమిక్సే. పొడవాటి చెయ్యి ఉండే బూమ్ పంపు సంగతి మర్చిపోండి, ఆ బండి కాళ్లు చాపుకునే చోటు లేదు, పైన తీగలున్నాయి. లైన్ పంపు చెప్పండి. పంపు, లారీ మెయిన్ రోడ్డు మీదే ఉంటాయి. 125 మిల్లీమీటర్ల పైపు మాత్రం గల్లీలోకి వస్తుంది.

మిల్లర్‌తో అయితే ఒక బస్తా సిమెంటుకి 0.12 క్యూబిక్ మీటర్ల మాలు (కలిపిన కాంక్రీటు) వస్తుంది. అంటే మీ స్లాబ్‌కి 110 బస్తాల పైనే. అన్నిసార్లు ఇసుక, కంకర, నీళ్లు చేత్తో కొలవాలి. పొద్దున పది మిక్సులు బాగానే పడతాయి, ఎండ ముదిరాక లెక్క ఎవరు చూస్తారు? ఎం20 ఆర్‌సీసీకి (ఊచలు కట్టి పోసే ఎం20 గ్రేడు కాంక్రీటుకి) సిమెంటు బరువులో నీళ్లు 0.55 వంతు దాటొద్దని కాంక్రీటు పనుల భారతీయ ప్రమాణం ఐఎస్ 456 అంటుంది. యాభై కిలోల బస్తాకి 27.5 లీటర్లు, అదీ తడి ఇసుకలో ఉన్న నీళ్లతో కలిపి. మీ మేస్త్రీ డబ్బాతో కొలుస్తాడా, పైపు పెట్టి వదిలేస్తాడా? ముందు అది అడగండి.

మేస్త్రీ_కొడుకు:
నీళ్ల మాట మీరే ఎత్తారు సార్, బాగుంది. లారీ ప్లాంటులో బయల్దేరి ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే మాలు బిగుస్తుంది. పంపు లాగట్లేదని డ్రైవర్ డ్రమ్ములోకి పైపు పెడతాడు. దాన్ని ఆపే ఓనర్‌ని నేను ఇప్పటిదాకా చూడలేదు. మిల్లర్ దగ్గర తప్పు జరిగితే ఒక బస్తాలో జరుగుతుంది, లారీలో జరిగితే ఆరు క్యూబిక్ మీటర్లూ పోయినట్టే.

ఇంకోటి. గల్లీ మలుపులో బెండ్ దగ్గర లైన్ జామ్ అయితే ఏం చేస్తారో చూశారా? ఒకడు సుత్తి పట్టుకుని పైపు పొడుగునా కొట్టుకుంటూ వస్తాడు. శబ్దం మొద్దుగా మారినచోట ఆగి, పంపును రివర్స్‌లో తిప్పించి, ప్రెషర్ పోయాక క్లాంపు విప్పుతాడు. మాలంతా ఎదురింటి గడప ముందు పడుతుంది. సగం పోసిన స్లాబ్ పైన ఎండుతుంటుంది.

సైట్_ఇంజినీర్:
జామ్ అయ్యేది ఎక్కువగా ముందు పైపు లోపల తడిపే సిమెంటు పాలు (నీళ్లలో కలిపిన సిమెంటు) పంపకుండా మొదలుపెట్టినప్పుడు, లేదా రెండు లారీల మధ్య లైన్ ఖాళీగా కూర్చున్నప్పుడు. ఆ మొదటి పాలు స్లాబ్‌లో పోయకూడదు, బయట పారబోయాలి. లారీ సంగతికొస్తే, లోడ్ చేసిన రెండు గంటల్లో దించాలని రెడీమిక్స్ ప్రమాణం ఐఎస్ 4926లో ఉంది. చలానా మీద టైమ్ ఉంటుంది, చూసి సంతకం పెట్టండి. స్లంప్ కోన్ తెప్పించండి, అందులో మాలు నింపి కోన్ ఎత్తేస్తే ఎంత కుంగిందో తెలుస్తుంది. పంపుకి 100 నుంచి 150 మిల్లీమీటర్లు కుంగితే చాలు. నీళ్లు పోయమని డ్రైవర్ అడిగితే లారీ వెనక్కి పంపండి.

మేస్త్రీ_కొడుకు:
వెనక్కి పంపితే ఆ రోజు స్లాబ్ ఎవరు పూర్తి చేస్తారు సార్? మీరు వచ్చి నిలబడతారా?

లలిత_పద్మారావునగర్:
ఇద్దరూ అసలు తలనొప్పి వదిలేశారు. మిల్లర్ అంటే కంకర కుప్ప, రోబో శాండ్ (రాయి నలగ్గొట్టి చేసిన ఇసుక) కుప్ప, బస్తాలు, నీళ్ల డ్రమ్ములు. ఎనిమిది అడుగుల్లో ఎక్కడ పోస్తారు? మాకు పునాది రాళ్లే మెయిన్ రోడ్డు మీద దించి, ఒక్కోటి ఇద్దరు మోసుకొచ్చారు. కంకర రాత్రిపూట పోయించాం. పొద్దున్నే పక్కింటి పెద్దాయన స్కూటర్ బయటికి రాక గొడవ. వానకి ఇసుక మోరీలోకి పోయి ఇంకో గొడవ. అందుకే స్లాబ్‌కి పంపు పెట్టించాం, గల్లీ ఒక్క పూటే మూసుకుంది.

కానీ పైపు ఊచల మీద నేరుగా పరచనివ్వకండి. పంపు కొట్టిన ప్రతిసారీ పైపు అదురుతుంది, పై జాలీ, ఊచల కింద పెట్టే కవర్ బ్లాకులు కదిలిపోతాయి. కింద చెక్కలు వేయించండి. మాకు మొదట వేయలేదు, మధ్యలో ఆపించాల్సి వచ్చింది.

దోహా_శ్రీను:
ఇక్కడ బెల్టు లారీలు చూశాను అన్నా. కన్వేయర్ చెయ్యి చాపి కంకరైనా, మొరమైనా, కాంక్రీటైనా గోడ అవతల పడేస్తుంది. పంపుకైతే జారే మాలు కావాలి, బెల్టుకి అక్కర్లేదు.

సైట్_ఇంజినీర్:
ఆ చెయ్యి మన తీగల కింద ఎలా చాపుతారు తమ్ముడూ? అదొచ్చేదాకా మనకి లైన్ పంపే.

వారాసిగూడ_ఓనర్:
పంపు వైపే మొగ్గు చూపుతున్నా. ఒక్క డౌటు: 60 మీటర్ల పైపులో చివరికి మాలు మిగిలిపోదా?

సైట్_ఇంజినీర్:
ముప్పావు క్యూబిక్ మీటరు దాకా ఉంటుంది, దగ్గర దగ్గర 1.8 టన్నులు. మూడో లారీలో అంత ఎక్కువ చెప్పండి. స్పాంజి బంతితో నెట్టిస్తే చాలావరకు స్లాబ్ మీదికే వస్తుంది.

మేస్త్రీ_కొడుకు:
అంత నమ్మకం ఉన్నా, ఒక మిల్లర్, పది బస్తాలు గేటు దగ్గర పెట్టుకోండి అన్నా. మూడో లారీ రాకపోతే కనీసం బీము నడిమి దాకా లాగి అక్కడ ఆపొచ్చు.

సైట్_ఇంజినీర్:
ఇది ఒప్పుకుంటా. బీము పొడవులో నడి మూడో వంతులో ఆపితేనే, కాలమ్ పక్కన కాదు.