అప్‌డేట్: రాజ్‌దూత్ జీటీఎస్ 175 పాత పెయింటు ఊడింది
నా రాజ్‌దూత్ మినీబైక్ (చిన్న సైజు మోటార్‌సైకిల్) మీద పేరుకున్న పాత రంగు ఎలా తీయాలని ఇంతకుముందు ఇక్కడ అడిగాను, ఆ పని అయింది. ఫ్రేముకి సాండ్ బ్లాస్టింగ్ (గాలి ఒత్తిడితో ఇసుక కొట్టి రంగు ఊడదీయడం) చేయించాను. ట్యాంకు రేకు పల్చన, ఆ దెబ్బకి వంకరపోతుందని ఒక అన్న చెప్పిన మాట విని దాన్ని ఇవ్వలేదు. పెట్రోలంతా తీసేసి, పెయింట్ రిమూవర్ మందంగా పూసి, ఆరిపోకుండా ప్లాస్టిక్ కవర్ కప్పాను. పై పొరలు బుడగలెత్తి పుట్టీ బ్లేడుకే ఊడొచ్చాయి. అడుగు ప్రైమర్ (రంగుకి ముందు రేకు మీద వేసే పూత) మాత్రం మొండికేసింది, మళ్లీ పూయాల్సి వచ్చింది.

పాత రంగుల్లో సీసం ఉండొచ్చు, దయచేసి పొడిగా రుద్దకండి. తడిపి వాటర్ పేపర్‌తోనే (నీళ్లలో వాడే గరుకు కాగితం) రుద్దండి, మాస్కు, గ్లౌజులు తప్పనిసరి. కడిగిన రేకు చూస్తుండగానే తుప్పు పడుతుంది. వెంటనే ఆరబెట్టి, థిన్నర్‌తో తుడిచి ఎపాక్సీ ప్రైమర్ కొట్టించాను. ఇక రంగంటారా, అడుగు పొరలో బయటపడిన ఎరుపే వేయిస్తున్నాను.