కొత్త ఫోర్ బై ఫోర్ బుక్ చేస్తున్నాను: ఏ ఆప్షన్లు ఇప్పుడే రాయించాలి?

పాకాల చెలక

నమస్కారం. నేను హన్మకొండలో ఉంటాను. నర్సంపేట దాటాక పాకాల వైపు మాకు ఆరెకరాల మిరప చెలక ఉంది. వారానికి రెండుసార్లు వెళ్లి రావలసి ఉంటుంది. చివరి మూడు కిలోమీటర్లు మట్టిబాట, మధ్యలో ఒక ఒర్రె, వానాకాలంలో ట్రాక్టర్లు వేసిన లోతైన గాడులు. ఇన్నాళ్లూ నడిపిన చిన్న కారుకు ఆ గాడుల మధ్య దిబ్బ తగిలి ఆయిల్ చాంబర్ రెండుసార్లు పగిలింది.

ఈసారి ఎత్తైన బండే తీసుకోవాలని షోరూమ్‌కు వెళ్తే, అక్కడి కుర్రవాడు వేరియంట్ల పట్టిక ఒకటి, యాక్సెసరీల పట్టిక మరొకటి ముందు పెట్టి, రెండో దానిలో సగం గళ్లకు తానే టిక్కులు పెట్టేసి, ఇక సంతకమే తరువాయి అన్నట్లు పెన్ను చేతికిచ్చాడు. ఇంటికి తెచ్చి చూస్తే అందులో కాళ్ల కింద వేసే మ్యాట్లే మూడు రకాలున్నాయి. మహీంద్రా థార్, దాని ఐదు డోర్ల రూపం రాక్స్, మారుతి జిమ్నీ, ఫోర్స్ గూర్ఖా నాలుగూ చూశాను. ఇంట్లో నలుగురం, పండుగలకు అమ్మ కూడా వస్తుంది. ఫోర్ బై ఫోర్ (నాలుగు చక్రాలకూ ఇంజన్ బలం అందే ఏర్పాటు) నాకు నిజంగా అవసరమా, డిఫరెన్షియల్ లాక్ ఉండాలా, టైర్ల సంగతేమిటి, ఆటోమేటిక్ మంచిదా? ఇలాంటి బాటల్లో నడిపినవారు చెప్పగలరు.

ఏటూరునాగారం బాట

తర్వాత బయట వేయించుకోగలిగిన వాటిని ఇప్పుడు వదిలేయండి. కంపెనీలో తప్ప ఎక్కడా పెట్టించలేని వాటి మీదే డబ్బు పెట్టండి. ఫోర్ బై ఫోర్, లో రేంజ్ గేరు (వేగం తగ్గించి బలం పెంచేది), డిఫరెన్షియల్ లాక్, బండి పైకప్పు, ఇంజన్, గేర్‌బాక్సు ఈ కోవలోకి వస్తాయి. లైట్లు, మ్యాట్లు, సీటు కవర్లు, స్పీకర్లు ఎప్పుడైనా వస్తాయి.

డిఫరెన్షియల్ లాక్ గురించి నేను చదివి తెలుసుకున్నది తక్కువ, చూసి తెలుసుకున్నది ఎక్కువ. తాడ్వాయి దగ్గర పత్తి ట్రాక్టర్ గాడిలో నా పాత బండి ఏటవాలుగా దిగి, ముందు కుడి చక్రం, వెనక ఎడమ చక్రం దాదాపు గాలిలో తేలిపోయాయి. ఫోర్ బై ఫోర్ వేసే ఉంది, ఇంజన్ అరుస్తూనే ఉంది. తేలిన రెండు చక్రాలు మాత్రం గిర్రున తిరుగుతూ పక్కనున్న కంచె మీదికి బురద చిమ్మాయి, నేల మీద ఆనిన రెండు చక్రాలు అంగుళం కదలలేదు. ఇరుసు మీది రెండు చక్రాలను వేర్వేరు వేగంతో తిరగనిచ్చే గేర్ల పెట్టె డిఫరెన్షియల్. మామూలు డిఫరెన్షియల్ చేసే పని అదే: పట్టు లేని చక్రం వైపే తిప్పుడు పోతుంది. లాక్ పడితే ఆ ఇరుసు రెండు చక్రాలూ కలిసి తిరుగుతాయి. గూర్ఖాలో ముందూ వెనకా రెండింటికీ లాక్ ఉంటుంది. రాక్స్ ఫోర్ బై ఫోర్‌లో వెనక ఇరుసుకు ఎలక్ట్రానిక్ లాక్ ఇస్తున్నారు. జిమ్నీలో మెకానికల్ లాక్ లేదు, తిరిగిపోతున్న చక్రానికి బ్రేకు వేసి రెండో దానికి బలం పంపే ఏర్పాటు ఉంది. బండి బరువు సుమారు 1200 కిలోలే కాబట్టి చాలా చోట్ల దానికి అది సరిపోతుంది. థార్‌లో వేరియంట్‌ను బట్టి మారుతుంది కనుక సేల్స్ అబ్బాయి నోటి మాట కాకుండా ఆర్డరు కాగితం మీద ఏమి రాశారో చూడండి.

లెక్కల మనిషి

మీరు ఖర్చు సంగతి అడగలేదు గానీ అసలు తేడా అక్కడే ఉంది. 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ మారింది. నాలుగు మీటర్లకు లోపు పొడవు ఉండి, డీజిల్ అయితే 1500 సీసీ, పెట్రోల్ అయితే 1200 సీసీ దాటని బండ్లకు 18 శాతం (వెయ్యి సీసీ అంటే ఒక లీటరు). మిగతా వాటికి 40 శాతం. త్రీ డోర్ థార్‌లో 1.5 లీటర్ల డీజిల్ ఈ 18 శాతంలోకి వస్తుంది, కానీ అది వెనక చక్రాలకే పనిచేస్తుంది. ఫోర్ బై ఫోర్ కావాలంటే 2.2 డీజిల్‌కో 2.0 పెట్రోల్‌కో వెళ్లాలి, వెళ్లగానే 40 శాతం. జిమ్నీ పొడవు నాలుగు మీటర్లలోపే అయినా పెట్రోల్ ఇంజన్ 1.5 లీటర్లు కాబట్టి దానికీ 40 శాతమే. అంటే మీరు ఫోర్ బై ఫోర్ అనే ఒక్క గడికి టిక్కు పెడితే ఇంజన్‌తో పాటు పన్ను కూడా మారిపోతుంది.

దాని మీద మన రాష్ట్రపు జీవిత పన్ను బండి ధరను బట్టి శాతంగా పడుతుంది, ధర పెరిగినకొద్దీ శాతమూ పెరుగుతుంది. మీ పేరున ఇప్పటికే ఒక కారు ఉంటే రెండో దానికి మరో 2 శాతం అదనం. అందుకే వేరియంట్ ధరలో కలిసిపోయే సోకులకు మీరు పన్ను మీద పన్ను కడుతున్నట్లు లెక్క. విడి బిల్లు మీద తర్వాత కొనుక్కున్న వస్తువుకు జీవిత పన్ను ఉండదు.

ఆదిలాబాద్ నల్లరేగడి

నేను కొంచెం అడ్డు చెబుతాను. మా వైపు రేగడిలో వాన పడిన మర్నాడు టైరు గీతల నిండా మట్టి పట్టి, చక్రం నున్నటి గుండులా అయిపోతుంది. అప్పుడు ఫోర్ బై ఫోర్ ఉంటే ఇంకొంచెం లోపలికి వెళ్లి దిగబడతాం, అంతే తేడా. తీయడానికి రెండు సందర్భాల్లోనూ ట్రాక్టరే రావాలి. పాకాల గారిది చెలక నేల, ఎర్రమట్టి, నీళ్లు త్వరగా ఇంకిపోతాయి. ఏడాదిలో మూడు నెలల ఇబ్బంది కోసం లక్షలు పోయడం కన్నా వెనక చక్రాల బండి తీసుకుని, మంచి ఆల్ టెర్రైన్ టైర్లు వేయించి, వాన పడిన రోజు మానుకోవడం మేలని నా అభిప్రాయం. నేను ఐదేళ్లుగా అలాగే నెట్టుకొస్తున్నాను.

టైర్ల విషయంలో ఒక జాగ్రత్త ఉంది. ఆల్ టెర్రైన్ టైర్లు మట్టిలో పట్టు ఇస్తాయి గానీ తారురోడ్డు మీద హోరు పెడతాయి, మైలేజీ కొంత తగ్గుతుంది, తడిరోడ్డు మీద బ్రేకు వేస్తే బండి ఇంకొంత దూరం పోయి ఆగుతుంది. మీ ప్రయాణంలో ఎక్కువ భాగం నర్సంపేట రోడ్డు మీదే కదా.

పాకాల చెలక

నేల సంగతి మీరు చెప్పింది నిజమే. అయితే నన్ను భయపెట్టేది బురద కన్నా ఆ ఒర్రె. మామూలుగా మోకాలి లోతు ఉండదు, పైన వాన పడితే అరగంటలో నడుము దాకా వస్తుంది. పట్టికలో 650 మిల్లీమీటర్ల లోతు నీటిలో దిగవచ్చని రాశారు, దాన్ని ఎంత వరకు నమ్మవచ్చు?

ఏటూరునాగారం బాట

థార్‌కు, రాక్స్‌కు 650 మిల్లీమీటర్లు, గూర్ఖాకు 700 అని కంపెనీలు చెప్పే లెక్క కదలని నీటికి, గట్టి అడుగుకు వర్తిస్తుంది. ఉరికే వాగుకు కాదు. 2023 జూలై చివరలో మా జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన కురిసింది, అదే వానకు మోరంచవాగు పొంగి మోరంచపల్లి ఊరే మునిగింది. అలాంటి రోజున ఏ బండి అయినా ఒడ్డున ఆగవలసిందే. మిగతా రోజుల్లో నేను దిగి, కర్రతో లోతు చూసి, నీళ్లు మోకాలు దాటితే వెనక్కి తిప్పేస్తాను. లో రేంజ్ మొదటి గేరులో, మధ్యలో క్లచ్ తొక్కకుండా, ఒకే వేగంతో దాటాలి. నీటిలో ఇంజన్ ఆగిపోతే మళ్లీ స్టార్ట్ చేయకూడదు: సిలిండర్‌లోకి నీళ్లు వెళ్లి ఉంటే పిస్టన్ వాటిని నొక్కలేదు, కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. మామూలు బీమాలో ఆ నష్టానికి డబ్బు రాదు. షోరూమ్‌లో అడగని ఆప్షన్ ఒకటి చెబుతాను: పాలసీలో ఇంజన్ ప్రొటెక్షన్ కవర్ రాయించండి. ఆ పట్టికలోని క్రోమ్ సామాను మొత్తం కన్నా అది విలువైనది.

మిల్స్ కాలనీ డీజిల్

ఎవరూ ఇంటివాళ్ల గురించి మాట్లాడడం లేదు. త్రీ డోర్ థార్‌లో సీట్లు నాలుగే, వెనకకు వెళ్లాలంటే ముందు సీటు వంచి ఎక్కాలి. పండుగకు అమ్మగారిని ఎక్కించి చూడండి, తెలుస్తుంది. ఐదుగురు అంటే రాక్సో ఐదు డోర్ల గూర్ఖానో చూడాలి. రాక్స్‌లో ఫోర్ బై ఫోర్ డీజిల్‌కే ఉంది, కాబట్టి ఇంజన్ గురించి మీరు వేరే ఆలోచించే పని లేదు. డీజిల్ అయితే పొగ గొట్టంలోని ఫిల్టరులో మసి పేరుకుంటుంది, అది కాలాలంటే అప్పుడప్పుడు ఇంజన్ బాగా వేడెక్కేలా దూరం నడపాలి. రోజూ ఊళ్లోనే నయీంనగర్ నుంచి చౌరస్తా దాకా మాత్రమే తిప్పేవారికి డీజిల్ నేను చెప్పను. మీకు వారానికి రెండుసార్లు పాకాల ఉంది, ఇబ్బంది లేదు.

లోపలి రంగు చిన్న విషయం అనుకోకండి. రాక్స్ మొదట తెల్లటి లోపలి సీట్లతోనే వచ్చింది, తర్వాత ఫోర్ బై ఫోర్‌కు మోకా బ్రౌన్ కూడా పెట్టారు. మిరప బస్తా ఒక్కటి వెనక వేసుకున్నా ఆ తేడా తెలుస్తుంది. గుడ్డ పైకప్పు ఇచ్చే ఏ బండి అయినా మన మే నెల ఎండకు వద్దు. ఏసీ ఎంత పెట్టినా చల్లబడదు, బజార్లో బ్లేడుతో కోసి సామాను తీసుకెళ్లడం చాలా తేలిక. నేను ఒకసారి పోగొట్టుకున్నాను కాబట్టి చెబుతున్నాను.

ముందు పెట్టే ఇనుప గార్డు కూడా మీ పట్టికలో ఉంటే కొట్టేయించండి. 2017 డిసెంబరులోనే కేంద్ర రవాణా శాఖ వాటిని వద్దంది. గుద్దుకున్నప్పుడు ఎయిర్‌బ్యాగు తెరుచుకోవలసిన తీరును అవి దెబ్బతీస్తాయి, నడిచేవారికి మరింత ప్రమాదం.

ఆదిలాబాద్ నల్లరేగడి

ఐదుగురు అన్న సంగతి నేను పట్టించుకోలేదు, మిల్స్ కాలనీ గారు చెప్పింది సరైనదే. ఫోర్ బై ఫోర్ తీసుకుంటే మాత్రం ఎండిన తారురోడ్డు మీద దాన్ని వేసి ఉంచకండి. ఈ బండ్లలో మధ్య డిఫరెన్షియల్ ఉండదు, మలుపులో ముందు వెనక చక్రాలు తిరిగే దూరం తేడా ఎటూ పోలేక గేర్ల మీద పడుతుంది. మట్టిబాట వదిలి తారురోడ్డు ఎక్కగానే 2హెచ్‌లోకి, అంటే వెనక చక్రాలకే బలం వెళ్లే స్థితికి మార్చండి.

పాకాల చెలక

నిన్న వెళ్లి సంతకం చేసి వచ్చాను. రాక్స్ డీజిల్ ఫోర్ బై ఫోర్, మాన్యువల్, లోపల బ్రౌన్. ఆటోమేటిక్ కావాలని మా ఆవిడ అడిగింది గానీ ఆ మిగిలిన డబ్బుతో బోరు మోటారు మార్చుకుందామంటే ఒప్పుకుంది. కంపెనీ టైర్లే ఉంచాను, అరిగాక ఆల్ టెర్రైన్ ఆలోచిస్తాను. బీమాలో ఇంజన్ కవర్ రాయించాను. యాక్సెసరీల పట్టికలో రబ్బరు మ్యాట్లు ఒక్కటి తప్ప అన్నీ కొట్టేయిస్తే, ఆ కుర్రవాడు మేనేజరు గది వైపు రెండుసార్లు చూశాడు. గాలి పంపు, లాగే తాడు బయట కొనాలి. తాడు ఎక్కడ కట్టాలి, బంపర్‌కా?

ఏటూరునాగారం బాట

బంపర్‌కు కట్టవద్దు, ఊడి చేతికి వస్తుంది. ఛాసిస్‌కు ముందూ వెనకా టో హుక్కులు ఉన్నాయో లేదో డెలివరీ రోజే కింద వంగి చూసుకోండి. ఇనుప గొలుసు వాడకండి, తెగితే కొరడాలా తిరిగి వస్తుంది. పంపు సిగరెట్ లైటర్ సాకెట్‌కు కాకుండా బ్యాటరీకే తగిలించే క్లిప్పుల రకం తీసుకోండి. దుబ్బలో గాలి 18 పీఎస్ఐ దాకా తగ్గించి నడిపాక, రోడ్డెక్కే ముందు నాలుగు టైర్లకూ మళ్లీ కొట్టుకోవాలి కదా, సాకెట్ ఫ్యూజు అంత బరువు మోయదు.