పర్యాటక రంగం: ముందు ప్రచారమా, వసతులా?

ప్రశ్న: ప్రకటనల మీద భారీగా ఖర్చు పెట్టినా కొన్ని దేశాలకు పర్యాటకులు ఎందుకు పెరగరు? ప్రభుత్వం ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు 1: ప్రకటన చివరి మెట్టండీ. వీసాకు వారాలు పట్టినా, నేరుగా విమానం లేకపోయినా, ప్రకటన చూసి ముచ్చటపడ్డవాడు పక్క దేశానికి పోతాడు. కొత్త విమాన మార్గానికి మొదటి రెండు మూడేళ్లు ల్యాండింగ్ ఫీజులో (విమానం దిగినందుకు విమాన సంస్థ ఎయిర్‌పోర్టుకు కట్టేది) రాయితీ ఇస్తుంటారు. దాన్ని దిగిన ప్రయాణికుల సంఖ్యకు ముడిపెట్టాలి. లేదంటే రాయితీ గడువు తీరగానే సర్వీసు ఎత్తేస్తారు.

జవాబు 2: లెక్క కూడా ముఖ్యమే. ఎంతమంది వచ్చారన్నది ఒక్కటే చూస్తే మోసపోతాం. ఎన్ని రాత్రులు ఉన్నారు, రోజుకు ఎంత ఖర్చు పెట్టారు, అందులో ఎంత దేశంలో మిగిలింది? హోటల్ విదేశీ కంపెనీదై, వంటసరుకులూ దిగుమతే అయితే డబ్బు వచ్చిన దారినే పోతుంది. స్థానిక రైతుల దగ్గర కొనేలా ఒప్పందాలు, గైడ్లకు శిక్షణ, లైసెన్సు ఉండాలి.

జవాబు 3: మురుగునీటి శుద్ధి మర్చిపోకండి, దెబ్బ తగిలేది అక్కడే. ఫిలిప్పీన్స్‌లో బోరకాయ్ దీవిని 2018లో ఆరు నెలలు మూసేశారు, మురుగు నేరుగా సముద్రంలో కలుస్తోందని. గదులకు అనుమతి ఇచ్చేముందే నీళ్లు, డ్రైనేజీ ఎంతమందికి సరిపోతాయో తేల్చాలి. భూటాన్ రోజువారీ రుసుముతో రద్దీని అదుపు చేస్తోంది. 2022లో 200 డాలర్లు చేసి, 2023లో 100కి తగ్గించింది. రుసుము పెంచితే రాక పడిపోవచ్చు, కాబట్టి ఏటా సమీక్షించుకోవాలి.