వూకామర్స్ నుంచి షాపిఫైకి మారుతున్నాం, గూగుల్‌లో పైనున్న పేజీలు పడిపోకుండా ఏం చెయ్యాలండి?

నరసాపురం లేసు:
అందరికీ నమస్తే అండి. మాది నరసాపురం పక్కన లేసు వ్యాపారం, చుట్టుపక్కల ఊళ్ళలో ఆడవాళ్ళు ఇళ్ళ దగ్గర అల్లిచ్చే టేబుల్ క్లాత్‌లు, కుషన్ కవర్లు, కాలర్లు తీసుకుని ఆన్‌లైన్‌లో అమ్ముతాం. సైటు ఆరేళ్ళుగా వర్డ్‌ప్రెస్ మీద నడిచే వూకామర్స్‌లో ఉంది, అప్‌డేట్ కొట్టినప్పుడల్లా ఏదో ఒక ప్లగిన్ మొరాయిస్తంది, చూసుకునే కుర్రాడు హైదరాబాద్ వెళ్ళిపోయాడు, ఇక నా వల్ల కాక, సర్వరూ అప్‌డేట్లూ వాళ్ళే చూసుకునే షాపిఫైకి వెళ్దామనుకుంటున్నాం. డొమైన్ అదే. 210 ప్రోడక్టులు. నా భయమల్లా ఏంటంటే సగానికి పైగా ఆర్డర్లు గూగుల్ నుంచే వస్తాయి, 2024లో మా లేసుకి జీఐ (భౌగోళిక గుర్తింపు) వచ్చినప్పుడు చెల్లి రాసిన పోస్టు ఇప్పటికీ పైనే కనపడుతుంది, జనం అది చదివి షాపులోకొస్తారు. తెలిసిన డెవలపర్‌ని అడిగితే డొమైన్ మారట్లేదు కదా ఏం కాదు అన్నాడు. అంతేనంటారా?

భీమవరం ఏరేటర్లు:
కాదండి బాబూ, ఆ మాట నమ్మి నేనూ మునిగాను. డొమైన్ అదే అయినా పేజీల అడ్రస్‌లు మారిపోతాయి. వూకామర్స్‌లో మామూలుగా అడ్రస్ మధ్యలో ప్రోడక్ట్ అని ఉంటది, షాపిఫైలో ప్రోడక్ట్స్ అని చివర ఎస్ వస్తది, అది మనం మార్చుకోడానికి లేదు. ఆ ఒక్క ఎస్ చాలు మీ 210 పేజీలూ గూగుల్‌కి 404 (ఆ పేజీ లేదు అనే ఎర్రర్) కొట్టడానికి. కేటగిరీలేమో కలెక్షన్స్ కింద పోతాయి. మీ చెల్లిగారి పోస్టు కూడా అంతే, ఇప్పుడు డొమైన్ పక్కనే ఉండుంటే అక్కడ బ్లాగ్స్ అని, బ్లాగు పేరు, అప్పుడు పోస్టు పేరు వస్తాయి.

కాబట్టి థీమ్ ఏ రంగు బాగుంటది అనేది తర్వాత చూసుకోవచ్చు, ముందు ఒక షీట్ తెరవండి. మొదటి నిలువు వరసలో పాత అడ్రస్‌లన్నీ. గూగుల్ సెర్చ్ కన్సోల్‌లో (మన సైటు గూగుల్‌లో ఎలా కనపడుతుందో చూపించే టూల్) పెర్ఫార్మెన్స్‌కి వెళ్ళి తేదీలు 16 నెలలకి పెట్టి (అంతకంటే వెనక్కి ఇవ్వదు) పేజెస్ ట్యాబ్ ఎక్స్‌పోర్ట్ చెయ్యండి, దాంతోపాటు పాత సైట్‌మ్యాప్‌లోవి (సైటులోని పేజీల జాబితా) కూడా కలపండి, ఎందుకంటే క్లిక్కులు రాని పేజీకి కూడా ఎవరో లింకు ఇచ్చి ఉండొచ్చు. రెండో నిలువు వరసలో ఒక్కోదానికీ ఎదురుగా కొత్త అడ్రస్. టేబుల్ క్లాత్ పేజీ టేబుల్ క్లాత్‌కే వెళ్ళాలి. తీసేసిన సరుకైతే దానికి దగ్గరి కలెక్షన్‌కి. ఈ షీట్‌నే సీఎస్‌వీ చేసి షాపిఫై యూఆర్ఎల్ రీడైరెక్ట్స్‌లో ఇంపోర్ట్ చేస్తే అన్నీ 301లు అయిపోతాయి, అంటే పాత అడ్రస్ నొక్కినోళ్ళని కొత్తదానికి పంపి, ఇది శాశ్వతంగా మారిందని గూగుల్‌కి చెప్తాయి.

నేను ఏం చేశానంటే బద్ధకించి అన్నిట్నీ హోమ్ పేజీకి తిప్పేశా. రొయ్యల చెరువు రైతు ఏరేటర్ (నీళ్ళలో గాలి కలిపే మిషను) గేర్‌బాక్స్ అని వెతికి నొక్కితే మా హోమ్ పేజీలో నవ్వుతున్న రొయ్య బొమ్మ వచ్చేది, ఆయన అట్నుంచి అటే వెళ్ళిపోయేవాడు. గూగుల్ కూడా అలాంటి వాటిని సాఫ్ట్ 404 కిందే, అంటే పేజీ తెరుచుకున్నా లేనట్టే లెక్కేస్తది. తిరిగి నిలబడ్డానికి నాలుగు నెలలు పట్టింది, ఆ నాలుగు నెలలూ సీజనే.

నరసాపురం లేసు:
అమ్మో. సరేనండి షీట్ మొదలెట్టా, అక్కడే ఒక చిక్కొచ్చింది. కొన్నిటికి అడ్రస్ తెలుగులోనే ఉంది, కాపీ చేస్తే పర్సెంట్ గుర్తులూ అంకెలూ మూరెడు పొడుగు వస్తంది. అవి తీసేసి పేరు చూసి మళ్ళీ తెలుగులో టైపు చెయ్యనా?

భీమవరం ఏరేటర్లు:
వద్దండి! ఆ మూరెడుదే అసలైన అడ్రస్, అలాగే పెట్టండి. తెలుగులో ఒక్కో అక్షరం, ఒక్కో గుణింతం గుర్తు అడ్రస్‌లో 9 అక్షరాల జాగా తింటది. లేసు అనే చిన్న మాటకే 36. వర్డ్‌ప్రెస్ అడ్రస్‌కి ఇచ్చేదే 200, ఆపైన కోసేస్తది. మీ ప్రోడక్టు పేరు "నరసాపురం చేతి అల్లిక లేసు టేబుల్ క్లాత్" అనుకోండి, అడ్రస్ "లేస" దగ్గర ఆగిపోద్ది, కొమ్ము కూడా పట్టదు. మీరు పేరు చూసి పూర్తిగా టైపు చేస్తే ఆ అడ్రస్ ఎప్పుడూ లేనే లేదు, రీడైరెక్ట్ గాల్లో ఉంటది. కొత్తదాంట్లో అడ్రస్ వరకూ ఇంగ్లీషు అక్షరాల్లో పొట్టిగా పెట్టుకోండి, పేరు తెలుగులోనే ఉంచండి.

ఇంకోటి, టైటిళ్ళూ డిస్క్రిప్షన్‌లూ మారుస్తూ కూర్చోకండి ఇప్పుడు. ఇల్లు మారే రోజే గోడలు పగలగొట్టినట్టుంటది, ఏం పడిపోయినా దేనివల్లో తెలీదు. సెర్చ్‌లో కనపడే టైటిల్ ఎస్ఈఓ ప్లగిన్‌లో విడిగా ఉంటది కాబట్టి ప్రోడక్టులతో పాటు వచ్చేసిందిలే అనుకోకుండా చూసుకోండి.

అమలాపురం పీచు:
మధ్యలో వస్తున్నా, ఏమనుకోకండి. డీఎన్ఎస్ (డొమైన్ ఏ సర్వర్‌కి వెళ్ళాలో చెప్పే సెట్టింగులు) మార్చేటప్పుడు 'A' అనే రికార్డు, డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ సీనేమ్ రికార్డు, ఈ రెండే ముట్టుకోండి. నేను నేమ్‌సర్వర్లే మార్చేసి ఎంఎక్స్ (మెయిల్స్ ఎక్కడికి వెళ్ళాలో చెప్పే రికార్డు) సంగతి మర్చిపోయా, రెండ్రోజులు మెయిల్స్ రాలేదు, కొబ్బరి పీచు డోర్‌మ్యాట్ల బల్కు ఆర్డర్ ఒకటి అలా పోయింది. పాత హోస్టింగ్ కూడా ఇంకో నెలకి డబ్బు కట్టి ఉంచండి, ఏ పేజీలో ఏముందో చూసుకోడానికైనా పనికొస్తది. తెరిచే రోజు, షాపు బయటివాళ్ళకి కనపడకుండా పెట్టే షాపిఫై పాస్‌వర్డ్ తియ్యడం మర్చిపోవద్దు, నవ్వకండి, జరుగుతాయి.

నరసాపురం లేసు:
నవ్వట్లేదండీ. సైటు మారినట్టు గూగుల్‌కి ఏమన్నా చెప్పాలా? ఎప్పుడు మారితే మంచిది?

భీమవరం ఏరేటర్లు:
సెర్చ్ కన్సోల్‌లో ఛేంజ్ ఆఫ్ అడ్రస్ అనేది డొమైన్ మారినోళ్ళకి, మీకు అక్కర్లేదు. కొత్త సైట్‌మ్యాప్ ఇచ్చి, ఎక్కువ క్లిక్కులొచ్చే ఓ ఇరవై పేజీలు అక్కడే ఇన్‌స్పెక్ట్ చేసి ఇండెక్సింగ్ (గూగుల్ జాబితాలోకి ఎక్కించడం) అడగండి చాలు. రీడైరెక్ట్‌లు కనీసం ఏడాది ఉంచమని గూగులే చెప్తది, నేనైతే అసలు తియ్యొద్దంటా. కొన్ని వారాలు కిందా మీదా అవుద్ది, కంగారుపడి మళ్ళీ ఏదీ కెలకొద్దు. మీకు బయటిదేశాల క్రిస్మస్ ఆర్డర్లు ఉంటాయి కదా, సెప్టెంబర్ దాటితే జనవరి దాకా ఆగండి. వారంలో మీకు ఆర్డర్లు తక్కువుండే రోజు రాత్రి చెయ్యండి.

నరసాపురం లేసు:
మాకు తక్కువుండేది మంగళవారం, మంగళవారం మొదలెడతానంటే నాన్న ఇంట్లోకి రానివ్వరు. బుధవారం చేస్తాం.

నరసాపురం లేసు:
అప్‌డేట్ అండి, మారి ఐదు వారాలైంది. మొదటి వారం చెల్లి పోస్టు రెండో పేజీలోకి పోయింది, ఇంట్లో భోజనాలు సరిగ్గా లేవు, ఇప్పుడు మళ్ళీ పైకొచ్చేసింది. సెర్చ్ కన్సోల్‌లో 404లు 11 కనపడ్డాయి, తొమ్మిది ఆ తెలుగువే, మీరు చెయ్యొద్దన్నా నేను టైపు చేసినవి. సరిచేశా. ఒక్కటి మాత్రం అవ్వట్లేదు, పాత మెయిన్ పేజీ అడ్రస్ చివర షాప్ అని ఉండేది, దానికి రీడైరెక్ట్ పెడితే తీసుకోవట్లేదు.

అమలాపురం పీచు:
ఆయ్, అది తీసుకోదండి. షాప్, కార్ట్, ఆర్డర్స్ అని మొదలయ్యే అడ్రస్‌లు షాపిఫై తనకే ఉంచుకుంటది. ఆ లింకు ఎక్కడెక్కడ ఇచ్చారో అక్కడ మార్చుకోవడమే.

నరసాపురం లేసు:
విజిటింగ్ కార్డుల మీద ఇచ్చామండి. 2000 కొట్టించాం.

అమలాపురం పీచు:
ఎన్ని మిగిలాయి?

నరసాపురం లేసు:
1900. అమ్మ స్టిక్కర్లు అంటిస్తంది.