షెల్‌కి ఒకే తెలుగు మాట పెట్టాలా? కర్పరం, పెంకు, గుల్ల, డొల్ల... మీ ఓటు దేనికి?

పుస్తకాలపురుగు (చర్చ మొదలుపెట్టినవారు)
హైస్కూలు పిల్లల కోసం కొందరం కలిసి సైన్సు, కంప్యూటర్ పదకోశం తయారు చేస్తున్నాం. 'షెల్' దగ్గర పని ఆగిపోయింది. ఒక ఇంగ్లిష్ మాటకి ఒకే తెలుగు మాట ఉండాలి, అన్నిచోట్లా 'కర్పరం' అనేద్దాం అని సగం మంది పట్టు. మిగతావాళ్లు ససేమిరా అంటున్నారు. గుడ్డు, తాబేలు, పరమాణువు, ఫిరంగి, లినక్స్, దొంగ కంపెనీ, వీటన్నిటికీ ఒకటే మాట అతుకుతుందా?

రిటైర్డ్_కెమిస్ట్రీ
కర్పరమే పెట్టండి. తెలుగు మీడియంలో చదివినవాళ్లంతా పరమాణువు పాఠంలో కె కర్పరం, ఎల్ కర్పరం, ఉపకర్పరం అనే చదువుకున్నారు. 2, 8, 18, 32 అని ఎలక్ట్రాన్లు నింపుకుంటూ పోయారు, ఎవరికీ ఏ ఇబ్బందీ రాలేదు. పైగా సంస్కృతంలో కర్పరం అంటే పుర్రె, కుండపెంకు, తాబేటి డిప్ప కూడా. గట్టిగా పైన కప్పి ఉండేది అనే అర్థం అందులో ముందే ఉంది. ఎవరికి తోచిన మాట వాళ్లు రాసుకుంటూ పోతే పదకోశం సంతలా తయారవుతుంది.

చెరువుగట్టు
మాస్టారూ నమస్తే. మాది భీమవరం వైపు, రొయ్యల సాగు. "రొయ్య కర్పరం వదిలింది" అని నేనంటే చెరువు మీద కుర్రాళ్లు నా మొహం వంక చూస్తారు. మేం షెల్ అనే అంటాం. జబ్బొస్తే "లూజ్ షెల్ వచ్చింది" అంటాం, ఆ మాట వింటేనే టెన్షన్. పోనీ పొట్టు అందామా అంటే రొయ్యపొట్టు అనేది కూరలో వేసుకునే సన్న ఎండురొయ్య! కాబట్టి షెల్‌ని షెల్‌గానే ఉంచేయండి. బస్సు, రోడ్డు లేవా మన భాషలో?

టెర్మినల్‌లో_ఉంటా
కంప్యూటర్ వరకు నేనూ అదే అంటా. ఈ పేరు 1960ల్లో మల్టిక్స్ అనే పాత ఆపరేటింగ్ సిస్టమ్ రోజుల్లో లూయీ పూజాఁ అనే ఫ్రెంచ్ కంప్యూటర్ నిపుణుడు పెట్టింది. ఆపరేటింగ్ సిస్టమ్‌లో లోపలి గింజ కెర్నెల్, దాని మీది పెంకు షెల్. మనం టైప్ చేసే కమాండ్ ముందు షెల్‌కి తగులుతుంది, అది కెర్నెల్‌కి అందిస్తుంది. షెల్‌ని కర్పరం చేస్తే కెర్నెల్‌ని ఏం చేస్తారు? బీజమా? పిల్లాడు రేపు లినక్స్‌లో వాడే బాష్ షెల్ గురించి నెట్‌లో వెతకాలంటే కర్పరం అని కొడితే ఏమొస్తుంది?

జువాలజీ_మేడమ్
మాస్టారి మీద గౌరవంతోనే చెప్తున్నా, జీవశాస్త్రంలో ఒకే మాట పెడితే పాఠమే పాడవుతుంది. తాబేటి డిప్ప ఎముక. పక్కటెముకలు, వెన్నెముక కలిసిపోయి తయారైంది, అందుకే కార్టూన్లలో చూపించినట్టు తాబేలు డిప్ప విప్పేసి బయటికి రాలేదు. గుడ్డు పెంకు, నత్తగుల్ల ప్రధానంగా కాల్షియం కార్బొనేట్. గుల్లల్ని బట్టీలో కాల్చి సున్నం తీసింది అందుకే. రొయ్య మీద ఉండేది కైటిన్ అనే గట్టి పదార్థం, ఒళ్లు పెరగాలంటే రొయ్య పాతదాన్ని వదలాల్సిందే. కొబ్బరిచిప్ప సంగతి వేరే, అందులో ఉండేది లిగ్నిన్, సెల్యులోజ్, అంటే దాదాపు కలప సరుకే.

ఇంగ్లిష్ వీటిలో చాలావాటిని ఒకే మాటతో చుట్టబెట్టింది. మన పిల్లలు బడికి రాకముందే డిప్ప, పెంకు, గుల్ల, చిప్ప అని విడివిడిగా అంటారు. వాళ్లకు వచ్చినదాన్ని చెరిపేసి కర్పరం రాయించడం దేనికి? పరమాణువుకి కర్పరం ఉంచండి, అక్కడ నాకు అభ్యంతరం లేదు. అక్కడ పెంకూ లేదు, గుల్లా లేదు, ఉన్నవి శక్తి స్థాయిలు.

రిటైర్డ్_కెమిస్ట్రీ
అమ్మా, పరీక్షలో పిల్లాడు "ఎలక్ట్రాన్ పెంకు" అని రాస్తే మార్కులు వేస్తావా?

జువాలజీ_మేడమ్
వెయ్యను మాస్టారూ. "కోడిగుడ్డు కర్పరం" అని రాసినా వెయ్యను.

డెస్క్_నుంచి
చాలాకాలం పేపర్లో సబ్ ఎడిటర్‌గా చేశాను. ఇక్కడ ఎవరూ ముట్టుకోని సంగతి ఒకటుంది. షెల్‌లో పైన గట్టిదనమే కాదు, లోపల ఖాళీ కూడా ఉంది. ఏది ముఖ్యమో చూసి మాట ఎంచుకోవాలి. ఊరూపేరూ తప్ప వ్యాపారం లేని సంస్థని 'డొల్ల కంపెనీ' అంటున్నాం. 2017లో కేంద్రం 2 లక్షలకు పైగా కంపెనీల పేర్లు రిజిస్టర్ నుంచి కొట్టేసినప్పుడు ఈ మాట తెగ నడిచింది. తమాషా ఏంటంటే 2013 కంపెనీల చట్టంలో షెల్ కంపెనీకి నిర్వచనమే లేదు. చట్టం చెప్పని సంగతి 'డొల్ల' అనగానే టీకొట్టు దగ్గర కూర్చున్నవాడికి కూడా అర్థమైపోయింది. అక్కడ కర్పరం పెట్టి చూడండి, నవ్వుతారు.

ఫిరంగిదీ అంతే. పాతకాలం గుండు నిండా ఇనుమే. షెల్ లోపల బోలు, అందులో పేలుడు మందు కూరుతారు. మేం రెండిటికీ 'ఫిరంగి గుండు' అనే రాసేవాళ్లం, అది నాకు ఎప్పుడూ నచ్చలేదు. ఇక్కడ మాత్రం చెరువుగట్టు గారి దారే మేలు, షెల్ అనే రాయండి.

చెరువుగట్టు
అయితే షెల్ కంపెనీ పెట్రోల్ బంకుని ఏమంటారండీ? ఆల్చిప్ప బంకా? :)

డెస్క్_నుంచి
అది పేరు కదండీ, అనువాదం చెయ్యకూడదు. అయినా మీ జోకు మరీ దూరం పోలేదు. ఆ కంపెనీ పెట్టినాయన తండ్రి లండన్‌లో సముద్రపు గవ్వలు, చిప్పలు అమ్మేవాడు. 1897లో కంపెనీకి షెల్ పేరు అలా వచ్చింది.

రిటైర్డ్_కెమిస్ట్రీ
సరే, రసాయనశాస్త్రం బయట నా పట్టు సడలిస్తాను. ఒక్క షరతు. షెల్ అనే ఎంట్రీ కింద ఈ మాటలన్నీ ఒకేచోట ఉండాలి, ఏది ఏ శాస్త్రంలో వాడాలో పక్కనే రాయాలి. పేజీకొకటి చెల్లాచెదురుగా పెడితే మాత్రం నేను ఒప్పుకోను.

పుస్తకాలపురుగు
అలాగే మాస్టారూ. కానీ ఇంకో చిక్కు. తాబేలుకి మాలో కొందరు డిప్ప అంటున్నారు, కొందరు చిప్ప అంటున్నారు. రెండూ వేయాలా, ఒకటేనా?

జువాలజీ_మేడమ్
రెండూ వేసేయండి. రొయ్యకి మాత్రం ఏం పెడతారో చెరువుగట్టు గారినే అడగండి, ఆయన షెల్ అన్నారు గానీ కైటిన్ పాఠంలో నేను 'పెంకు' అనే చెప్తున్నాను.

చెరువుగట్టు
పెంకు అంటే మాకు ఇంటి కప్పు మేడమ్. ఒప్పుకునేది లేదు.