విషం అడిగిన పార్టీకి దుకాణదారు అమ్మాలా, వద్దా?

పాచికలపెట్టె:
పాచికలు వేస్తూ కథ నడిపే ఆట డంజన్స్ అండ్ డ్రాగన్స్ 5వ ఎడిషన్, 2014 రూల్స్ ప్రకారం మాట్లాడుకుందాం. ఐదో లెవెల్ పార్టీ, అంటే ప్లేయర్ల పాత్రల జట్టు, ఆల్కెమిస్ట్ (రసవాది) దుకాణానికి వచ్చి మిడ్‌నైట్ టియర్స్ అనే విషం ఒక మోతాదు అడిగి, 1,500 గోల్డ్ (బంగారు నాణేలు) బల్ల మీద పెట్టింది. ఎవరి కోసమో చెప్పలేదు. కానీ మర్నాడు ప్రభువు ఇంట్లో విందు ఉందని ఊరంతా తెలుసు.

అమ్మకూడదని నా వాదన. ఆ విషం కడుపులోకి వెళ్లినా అర్ధరాత్రి దాకా ఏమీ కాదు. గంట కొట్టాక డీసీ 17 కాన్‌స్టిట్యూషన్ సేవ్, అంటే ఒంటి సత్తువతో తట్టుకోవడానికి వేసే పాచిక లెక్క కనీసం 17 రావాలి. తప్పితే 9డీ6 (ఆరు ముఖాల పాచికలు తొమ్మిది), సగటున 31 డ్యామేజ్. గెలిచినా అందులో సగం. నోబుల్ (ప్రభువులాంటి పాత్ర) స్టాట్ బ్లాక్‌లో, అంటే అంకెల పట్టీలో, ఉన్నవి 9 హిట్ పాయింట్లే (ప్రాణబలం) కాబట్టి సేవ్ గెలిచినా దాదాపు చచ్చినట్టే. ఎలుకల కోసం ఎవరూ 1,500 పోయరు కదా. సుల్లా క్రీ.పూ. 81లో తెచ్చిన రోమన్ చట్టం, మనిషిని చంపడానికి విషం తయారుచేసినవాణ్నీ అమ్మినవాణ్నీ కొన్నవాణ్నీ ఒకే గాటన కట్టింది. నాకు ఆ లెక్కే న్యాయంగా కనిపిస్తుంది.

గుహలోగురివింద:
ఒప్పుకోను. "ప్రమాదకరమైన సరుకు"కి గీత ఎక్కడ గీస్తారు? దీపం నూనె బుడ్డి ఒక్క వెండి నాణెం. మనిషి మీద నూనె పడి, నిమిషంలోపు నిప్పు తగిలితే అదనంగా 5 డ్యామేజ్. దానికి పాచిక కూడా వేయక్కర్లేదు. కామనర్‌కి, అంటే మామూలు మనిషికి, ఉండేవి 4 హిట్ పాయింట్లు. ఆల్కెమిస్ట్స్ ఫైర్ సీసా 50 గోల్డ్, అది టర్నుకి 1డీ4 మాత్రమే. మొదటి టర్నులోనే కామనర్‌ని పడగొట్టాలంటే పాచిక మీద 4 పడాలి. ఆ ఒక్క సీసా డబ్బుతో 500 నూనె బుడ్లు వస్తాయి. సీసా అమ్మనని బిగదీసుకుని, బుడ్లు గంపకెత్తి పంపేవాడు ఎవర్ని కాపాడాడండీ?

ఇంకోటి. రూల్ పుస్తకంలో ధర చూసుకునే ప్లేయర్లు పథకం వేసుకుంటారు. దుకాణందాకా వచ్చాక ఉత్త "అమ్మను" వినబడితే అది వ్యాపారి గొంతులా ఉండదు, ఆట నడిపే డీఎమ్ గొంతులా ఉంటుంది. తర్వాత ఏం జరుగుతుందో అందరికీ తెలిసిందే. రాత్రికి రోగ్ (పార్టీలోని దొంగ పాత్ర) తాళం తీస్తాడు, దుకాణదారు లేస్తాడు, కత్తి దిగుతుంది. విందు కథ పక్కకి పోయి సెషనంతా దొంగతనం మీదే నడుస్తుంది.

కత్తిమీదసాము:
ఇద్దరూ సరుకునే చూస్తున్నారు, అమ్మేవాణ్ని చూడట్లేదు. గురివింద గారూ, నూనె లెక్క తిరుగులేనిది. కానీ దుకాణదారు చూసుకునేది తన మెడకి ఏది చుట్టుకుంటుందో. నూనె ప్రతి అంగట్లో ఉంటుంది, ఎవరు కొన్నారో తేలదు. మిడ్‌నైట్ టియర్స్ ఊరంతటికీ ఒక్కడి దగ్గరే ఉంటుంది. ప్రభువు సరిగ్గా అర్ధరాత్రి కూలిపోతే, తెల్లారేసరికి కాపలావాళ్లు తట్టేది ఆ ఒక్క తలుపే. కాబట్టి డీఎమ్ ప్రతి వ్యాపారికీ ముందుగానే రెండు ముక్కలు రాసి పెట్టుకోవాలి: వీడు దేనికి భయపడతాడు, దేనికి లొంగుతాడు. అవి ఉంటే "అమ్మను" అన్న మాట ప్లేయర్లకి గోడలా అనిపించదు.

ఇక అమ్మే పద్ధతి. బ్రిటన్‌లో 1851 ఆర్సెనిక్ చట్టం అమ్మకాన్ని ఆపలేదు, దానికి షరతులు పెట్టింది. కొన్నవాడి పేరు, చిరునామా, ఎంత, ఎందుకు అన్నీ పుస్తకంలో ఎక్కించి సంతకం తీసుకోవాలి. ముక్కూమొహం తెలియని మనిషైతే ఇద్దరికీ తెలిసిన సాక్షి ఉండాలి. తెల్లపొడిగా ఉండే ఆ విషంలో పౌనుకి ఔన్సు మసిగానీ అర ఔన్సు నీలిమందుగానీ కలపాలి. అది పిండిలోనో పంచదారలోనో పడితే రంగు పట్టించేస్తుంది. రంగు లేనిదే కావాలంటే ఒకేసారి కనీసం 10 పౌన్లు కొనాలి.

దీన్ని టేబుల్ మీదకి తెచ్చుకోండి. సీసా కిందకి దించకముందే దుకాణం ముసలాయన పుస్తకం తెరిచి, కలం సిరాలో ముంచి, "మీ పేరు చెప్పండి బాబూ. మిమ్మల్ని ఎరిగినవాళ్లు ఈ ఊళ్లో ఎవరున్నారు?" అంటాడు. పార్టీ ఒకరి మొహం ఒకరు చూసుకుంటుంది. అక్కణ్నుంచి దారులు తెరుచుకుంటాయి. దొంగపేరు చెబితే డిసెప్షన్ (అబద్ధం నమ్మించే నేర్పు) రోల్‌కి ఎదురు ఆయన ఇన్‌సైట్ (అబద్ధం పసిగట్టే నేర్పు) రోల్. సాక్షిని తెస్తే ఆ సాక్షికి రుణపడతారు. పుస్తకమే వద్దనుకుంటే రేవులో స్మగ్లరు ఉన్నాడు. ధర రెట్టింపు, సరుకు అసలుదో కాదో నమ్మకం లేదు.

బొగ్గుగీత:
ఇంత తతంగం ఎందుకు? పూజారిని పిలిపించి జోన్ ఆఫ్ ట్రూత్ అనే స్పెల్ (మంత్రం) వేయిస్తే నిజం బయటపడుతుంది.

కత్తిమీదసాము:
పడదు. అది రెండో లెవెల్ స్పెల్, 15 అడుగుల వ్యాసార్థం, 10 నిమిషాలు. సేవ్ తప్పినవాడు అబద్ధం ఆడలేడు, అంతే. తన మీద స్పెల్ ఉందని వాడికి తెలుస్తుంది, మౌనంగా ఉండొచ్చు, మాట దాటేయొచ్చు. "మా సత్రంలో ఎలుకల బెడద ఉంది" అనేది అక్షరాలా నిజం కావచ్చు. కాబట్టి అవును, కాదు అని తేలే ప్రశ్న వేయాలి: "ఈ సీసా మనిషి నోట్లోకి వెళ్తుందా?" జవాబు దాటేస్తే సీసా మళ్లీ అరలోకి. పైగా ఇలాంటి స్పెల్ వేయించుకోవడానికి 10 నుంచి 50 గోల్డ్ దాకా పోతుందని రూల్స్ చెబుతున్నాయి. 1,500 సరుకుకి గిడుతుంది, 100 గోల్డ్ బేసిక్ పాయిజన్‌కి గిట్టదు.

బొగ్గుగీత:
సరే, గన్‌పౌడర్ (తుపాకిమందు) సంగతి? దాన్ని అన్నిటితో కలిపి మాట్లాడలేం. మందు నింపిన కొమ్ము 35 గోల్డ్, పేలితే 3డీ6. పీపా 250 గోల్డ్, పేలితే 10 అడుగుల లోపు 7డీ6, సగటున 24. డీసీ 12 డెక్స్‌టెరిటీ (చురుకుదనం) సేవ్ గెలిస్తే సగం. గార్డుకి ఉండేవి 11 హిట్ పాయింట్లు, అంటే సేవ్ గెలిచినా బతకడం కష్టమే. ఇక్కడ పరిమాణాన్ని బట్టి కాదనడం సబబు. కొమ్ము ఇస్తాడు, పీపా ఇవ్వడు. పైగా తన దుకాణంలోనే దీపం వెలుగుతుంటుంది కాబట్టి పీపా లోపలికే రానివ్వడు, ఊరిబయట కొట్టంలో పెడతాడు. పార్టీకి పీపా కావాలంటే అక్కడిదాకా నడవాలి. ఆ నడకలో ఎవరైనా చూడొచ్చు.

పాచికలపెట్టె:
పుస్తకం, సాక్షి, ఈ రెండూ ఒప్పుకుంటున్నాను. నీలిమందు మాత్రం ఆలోచించాల్సిందే. వ్యాపారి నోరు మూసుకుని విషంలో రంగు కలిపి అమ్మేసి, విందులో ప్రభువు ద్రాక్షసారా నీలమైపోతే అది ప్లేయర్లకి చేసిన మోసం. 1,500 తీసుకుని పనికిరాని సరుకు అంటగట్టినట్టే. అంతకంటే అమ్మననడమే మర్యాద.

కత్తిమీదసాము:
దాచమని నేను అనలేదు. జాడ కళ్ల ముందే ఉండాలి. సీసాని వెలుతురుకి ఎత్తి పట్టుకుంటే బిరడా కింద సన్నటి నీలం గీత కనబడుతుంది. అది గమనించడానికి పర్సెప్షన్ రోల్, డీసీ 12 పెట్టండి. సీసాని చేతిలోకి తీసుకుని చూస్తానన్న ప్లేయర్‌కి రోల్ కూడా అడక్కుండా చెప్పేయండి. అప్పుడు వాళ్లు అడుగుతారు, ముసలాయన ఒప్పుకుంటాడు: "రంగు లేనిది నా దగ్గర దొరకదు బాబూ, చట్టం."

గుహలోగురివింద:
గీత ముందే కనబడితే నాకు అభ్యంతరం లేదు. అయితే రంగు కలిపినదాన్ని 1,500కి అమ్మడం కుదరదు, 900కో 1,000కో దిగాలి. ఆ నీలాన్ని కప్పే ముదురు రంగు పానీయం వెతుక్కునే అవకాశం కూడా పార్టీకి ఉండాలి. విందులో వడ్డించేవాడు దీపం దగ్గరగా జరిపినప్పుడు గ్లాసు అంచున రంగు తేలుతుందా లేదా అన్నది స్లైట్ ఆఫ్ హ్యాండ్ (చేతివాటం) రోల్ తేల్చాలి. డీఎమ్ ముందే రాసిపెట్టుకున్న జవాబు తేల్చకూడదు.